మోకాళ్లకు కట్లు కట్టుకున్న కప్తాన్

మా క్యాంపులో వికెట్లు రేకువి. ఏసీ గాలి గొట్టాలు చేయగా మిగిలిన డక్టు రేకు ముక్కల్ని మడిచి, ఇసుక నింపిన పెయింటు డబ్బాల్లో నిలబెట్టేవాళ్లం. బంతి తగిలితే ఆ చప్పుడు గోదాముల వీధి చివరిదాకా వినపడేది. అవుటయ్యాడా లేదా అన్న గొడవే ఉండేది కాదు. నాకు ఆ ఏర్పాటు చాలా నచ్చేది. రుజువంటే అలాగే ఉండాలి. నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఒకేలా మోగాలి.

ఆ వికెట్లు చేసినవాడు మా జట్టు కప్తాన్. బంగ్లాదేశ్ మనిషి, డక్టు ఫిట్టరు. సౌదీలో, దమ్మామ్‌లోని మా మెయింటెనెన్సు కంపెనీ క్యాంపు మొత్తానికి అతనంత వేగంగా బంతి వేసేవాడు లేడు. టెన్నిసు బంతికి కరెంటు టేపు చుట్టి ఆడేవాళ్లం. దాన్ని అతను విసిరితే నిర్మల్ నుంచి వచ్చిన మా తాపీ మేస్త్రి వికెట్ల వెనక నుంచి, "కప్తానూ, జర నెమ్మది! రేపు పొద్దుగాల తాపీ పట్టాలె నేను, నీ బంతి పట్టుడు కాదు నా కొలువు" అని అరిచేవాడు.

కప్తాన్ రెండు మోకాళ్లకూ కట్లు కట్టుకుని ఆడేవాడు. ఎడమ మోకాలిది నిజమైన అవసరం. నిచ్చెన మీంచి జారినప్పుడు లోపల ఏదో చిరిగింది. కుడి మోకాలికి ఏ జబ్బూ లేదు. అది అభిమానం కట్టిన కట్టు. అతని దేశపు జట్టు కెప్టెన్ కూడా ఫాస్టు బౌలరే. మోకాళ్లకు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుని, రెండింటికీ కట్లు బిగించుకుని పరుగెత్తుకొచ్చి బంతి వేసే మనిషి. మా కప్తాన్ మంచం పక్క గోడ మీద ఉన్న ఒకే ఒక్క బొమ్మ ఆయనది. కింద పడి, ఒక చెయ్యి నేలకు ఆనించి లేస్తున్న బొమ్మ.

నేను ఆ కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. జగిత్యాలలో కుర్రతనమంతా హేతువాదుల సమావేశాల్లో గడిచింది. ఒక దర్జీ దుకాణం మీద ఇరుకు గదిలో కూర్చుని బాణామతి మీద, జాతకాల మీద, కులం మీద గొంతులు పోయేలా వాదించేవాళ్లం. అధ్యక్షత వహించే మాస్టారు ఒక్క నియమం పెట్టారు. ఎదుటివాడి వాదనను ముందు నువ్వు చెప్పాలి. "అవును, నా మాట ఇదే" అని వాడు ఒప్పుకున్నాకే నీ జవాబు. ఒప్పుకోకపోతే మళ్లీ చెప్పాలి. అప్పటికీ కాకపోతే కూర్చోవాలి. ఈ నియమం వల్ల మా సమావేశాల్లో సగం మంది కూర్చునే ఉండేవాళ్లు.

అదే నియమాన్ని నేను దమ్మామ్ క్యాంపుకు మోసుకొచ్చాను. శుక్రవారం ఆట అయ్యాక టీ తాగుతూ మా గదిలో వాదించుకునేవాళ్లం. నేను, మేస్త్రి, కప్తాన్, మా బస్సు నడిపే హైదరాబాదీ డ్రైవరు. డ్రైవరు ఆటలో అంపైరు, వాదనలోనూ అంపైరే. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, నా నాస్తికత్వం మీద అతనికి జాలి. "స్టోర్ భాయ్, మీరు పరలోకంలో కూడా ముందు అవతలి పార్టీ మాట చెప్పండంటారు, అక్కడ టైమ్ ఉండదు" అనేవాడు. కప్తాన్‌తో మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

కప్తాన్ ఆరాధించే ఆ కెప్టెన్ ఎన్నికల్లో నిలబడుతున్నాడన్న వార్త ఫోన్లలోకి వచ్చిన శుక్రవారం మా గది కిటకిటలాడింది. ఇంకా జట్టుకు కెప్టెన్‌గా ఉంటూనే, ఏలుతున్న పార్టీ తరఫున.

"ఆడెటోడు ఆడాలె, ఏలెటోడు ఏలాలె" అన్నాడు మేస్త్రి. "రెండు నేనే చేస్తనంటే ఎట్లనే? రేపు నేను గోడ కట్టుకుంట బస్సు నడుపుత."

"నువ్వు గోడే సరిగ్గా కట్టవు మియా" అన్నాడు డ్రైవరు.

నేను ఉపన్యాసానికి సిద్ధమయ్యాను. కప్తాన్ చెయ్యెత్తాడు. "ముందు నా మాట చెప్పు, స్టోర్ భాయ్."

"ఆయన గొప్ప ఆటగాడు, అందరూ ప్రేమిస్తారు, కాబట్టి పార్లమెంటుకు పోవచ్చు. ఇదే కదా?"

"కాదు."

"దేశం కోసం నొప్పి ఓర్చుకున్నాడు, ఆ రుణం ఓటుతో తీర్చాలి."

"అది కూడా కాదు. నేనేమైనా సినిమా టికెట్ అమ్ముతున్నానా?"

డ్రైవరు నవ్వి, "అవుట్. కూర్చోండి భాయ్" అన్నాడు. అప్పుడు కప్తానే చెప్పాడు. మా దేశంలో నాయకులందరినీ గెలిచినప్పుడే చూశాం. దండలతో, మైకుల ముందు. ఓడిపోయినప్పుడు వాళ్ల ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, తలుపులు వేసుకుంటారు. ఈయన్ని మాత్రం మేం మైదానం మధ్యలో ఓడిపోతూ చూశాం. కింద పడటం చూశాం. తన జట్టులో క్యాచ్ వదిలేసిన పిల్లవాడి మెడ మీద చెయ్యి వేసి నడిపించుకెళ్లడం చూశాం. మిగతావాళ్ల గురించి విన్నదే, ఈయన గురించి చూసింది. చూసినదాన్ని నమ్మమని కదా నువ్వు రోజూ మా చెవుల్లో పోరుతావు.

ఈ వాదన మా జగిత్యాల గదిలో ఎవరైనా చేసి ఉంటే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. నేను అదంతా తిరిగి చెప్పాను. "హాఁ, ఇదే నా మాట" అన్నాడు కప్తాన్.

అప్పుడు నా జవాబు. మైదానంలో మనం చూసింది ఒక శరీరపు ధైర్యం. అది అబద్ధం కాదు. కానీ అక్కడ బంతి ఆయన చేతిలోనే ఉంటుంది. పార్టీలో బంతి ఎవరి చేతిలో ఉంటుంది? వెయ్యమంటే వెయ్యాలి, ఆపమంటే ఆపాలి. ఆపమన్న రోజున, ఆ పడి లేచిన మోకాళ్లు ఆయన్ని నిలబెడతాయని రుజువేమిటి? ఒక మనిషి ఒక విషయంలో సంపాదించుకున్న నమ్మకాన్ని ఇంకో విషయానికి బదిలీ చేయడమే బాబాల వ్యాపారం కూడా. రోగం తగ్గించాడని నమ్మి రాజ్యం అడిగితే ఇచ్చేస్తాం.

కప్తాన్ గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. "బాబా అన్నావు చూడు, అది నచ్చలేదు" అని లేచి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ టీ గ్లాసు కడగడానికి వెళ్లాడు.

లెవీలు అప్పటికే వచ్చి ఉన్నాయి. ఒక్కొక్క పరాయి దేశపు పనివాడికి కంపెనీ నెలనెలా సర్కారుకు రుసుము కట్టాలి. పైన నితాఖత్ అనే నిబంధన ఉంది. ఇన్ని ఉద్యోగాలకు ఇంతమంది సౌదీలు ఉండాలి, దాన్నిబట్టి కంపెనీకి ఒక రంగు. పచ్చరంగు కంపెనీకి అన్ని దారులూ తెరిచి ఉంటాయి. ఎరుపులో పడితే పనివాళ్ల ఇఖామాలు, అంటే నివాస అనుమతి కార్డులు, రెన్యువల్ కావు. ఇఖామా లేనివాడు ఈ దేశంలో రోడ్డు మీద నిలబడటానికి కూడా పనికిరాడు. పక్క క్యాంపులు ఒక్కటొక్కటే ఖాళీ అవుతున్నాయి. వాటి గేట్ల ముందు పరుపులు, కూలర్లు, ఎవరికీ అక్కరలేని వంటపాత్రలు కుప్పలుగా పడి ఉండేవి. ఆ చలికాలం పోయేలోగా మా కంపెనీ ఎరుపులో పడింది.

ఇక్కడ మావాళ్లు ఒక పొరపాటు చేశారు. ఎరుపును తమ ఒంటికి అంటిన మచ్చ అనుకున్నారు. దాన్ని దాచారు. బకాలా దగ్గర, అంటే కిరాణా కొట్టు దగ్గర, వేరే కంపెనీవాళ్లు "మీ రంగేంది?" అని అడిగితే, "పచ్చనే, ఏం ఢోకా లేదు" అని మేస్త్రి ఛాతీ విరిచి చెప్పడం నేను విన్నాను. ఫోన్లో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. ఒకరితో ఒకరు కూడా ఆ మాట అనలేదు. కానీ నిబంధన చూస్తే ఎరుపే వాళ్ల తలుపు. ఎరుపులో పడ్డ కంపెనీ పనివాడు యజమాని అనుమతి లేకుండానే, అతని రిలీజ్ కాగితం లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చు. ఈ బదిలీని నకల్ అంటారు. పచ్చరంగులో ఉన్నంతకాలం ఎంత బతిమాలినా దొరకనిది అది.

నేను లేబరు శాఖ వెబ్‌సైటులో చదివి చెప్పాను. పెద్ద గొంతుతో, మెస్సులో నిలబడి, అరబిక్ పక్కన ఇంగ్లీషు పెట్టి చెప్పాను.

"సారూ" అన్నాడు మేస్త్రి, "దేవుణ్ణే నమ్మనోనివి, లేబరాఫీసును నమ్ముమంటవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఒళ్లు మండింది. సత్యం నా చేతిలో ఉంది, వినే చెవి లేదు. డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు. "భాయ్, మీరు చెప్పింది సహీ. నాకూ తెలుసు. కానీ వీళ్లకు భయం. ముదీర్‌కు కోపమొచ్చి, పారిపోయాడని కేసు రాయిస్తే? మీ మాట తప్పయితే పోయేది వాళ్ల బతుకు."

ముదీర్ అంటే మా మేనేజరు. సౌదీ మనిషి. మావాళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి హిందీ బాగా పట్టుకున్నాడు. చెడ్డవాడని చెప్పలేను. పెళ్లికి సెలవడిగితే ఇచ్చేవాడు. అతను ఒక పొద్దున కప్తాన్‌ను ఆఫీసుకు పిలిపించాడు. కప్తాన్ అక్కడినుంచి నేరుగా నా స్టోరుకు వచ్చి, అట్టపెట్టె మీద ఎడమ కాలు చాపి కూర్చున్నాడు.

అతని మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారు. ఇన్సూరెన్సు కాగితం కూడా సిద్ధం. కానీ ఇఖామా గడువు దగ్గరపడింది. అది ముగిస్తే ఇన్సూరెన్సూ ముగుస్తుంది. ముదీర్ ఇవ్వజూపింది ఇది: తన అన్న కంపెనీ పచ్చరంగులో ఉంది. కప్తాన్‌ను అక్కడికి మారుస్తాడు, క్యాంపు బాస్ ఉద్యోగం, నిచ్చెన ఎక్కే పని లేదు, మోకాలికి ఆపరేషన్. బదులుగా గురువారం సాయంత్రం మెస్సులో క్యాంపుతో మాట్లాడాలి. అందరూ గొడవ లేకుండా ఖురూజ్ మీద, అంటే ఇక తిరిగి రాని ప్రయాణం మీద, సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోవాలని చెప్పాలి.

"నేను చెప్తే వింటారంట" అన్నాడు. "నేను కప్తాన్‌నంట."

నేను నోరు తెరిచాను. అతను మళ్లీ చెయ్యెత్తాడు. "వద్దు. ఏం చెయ్యాలో చెప్పకు. ముదీర్ మాట చెప్పు. అతను ఇక్కడ కూర్చుని వింటే 'అవును, నా మాట ఇదే' అనేలా చెప్పు."

స్క్రూల డబ్బాల మధ్య నిలబడి నేను ముదీర్ పక్షాన వాదించాను. అంత నిజాయితీగా నా స్వంత పక్షాన కూడా ఎప్పుడూ వాదించలేదేమో. కాంట్రాక్టులు పోయాయి. లెవీ కట్టే స్తోమతు లేదు. రంగు ఎరుపు, రెన్యువల్ జరగదు. గొడవపడితే నెలలు పడుతుంది, ఆ నెలల్లో తినడానికి ఎవరూ పెట్టరు. ఇప్పుడు వెళ్లేవాడికి టికెట్టన్నా దక్కుతుంది. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చెప్పకుండా వదిలేసినది ఒక్కటే ఉంది.

"సరిగ్గా ఇంతేనా?"

"ఇంతే."

లేవడానికి షెల్ఫు పట్టుకున్నాడు. నేను చెయ్యి అందించాను, తీసుకోలేదు.

గురువారం మెస్సులో కూర వాసన, తడి చెప్పుల వాసన. ముదీర్ తలుపు దగ్గర నీళ్ల కూలర్ పక్కన నిలబడ్డాడు. కప్తాన్ నిలబడ్డాడు. అందరి చెంచాలూ ఆగాయి. నేను అదే చోట అంతకుముందు నిలబడినప్పుడు ఒక్క చెంచా కూడా ఆగలేదని గుర్తొచ్చింది.

"ముందు ముదీర్ మాట చెప్తాను. తప్పయితే ముదీర్ ఆపుతారు" అన్నాడు. "కాంట్రాక్టులు పోయాయి. సహీ, ముదీర్?"

"సహీ."

"లెవీ కట్టలేరు. సహీ?"

"సహీ."

"వెళ్లేవాళ్లకు టికెట్ ఇస్తారు."

"ఇస్తాను. మాట ఇస్తున్నాను" అన్నాడు ముదీర్, అందరి వైపూ చూస్తూ. అతని ముఖంలో నిజంగానే తేలిక కనిపించింది. ఇంత బాగా తన మాట చెప్పేవాడు దొరికినందుకు.

"కంపెనీ ఎరుపులో ఉంది. అందుకే రెన్యువల్ కాదు. సహీ?"

"సహీ. అహ్మర్. ఏం చేస్తాం."

నెలలుగా ఎవరూ పైకి అనని మాట. ముదీర్ నోటినుంచి, అరబిక్‌లో కూడా వచ్చింది. మేస్త్రి తలవంచుకున్నాడు, బకాలా దగ్గర చెప్పిన పచ్చరంగు గుర్తొచ్చి ఉంటుంది.

"అది ముదీర్ మాట. ఇప్పుడు నా మాట" అన్నాడు కప్తాన్. "ఎరుపు కంపెనీ పేరు మీద ఉంది. మన పేరు మీద లేదు. ఎరుపు కంపెనీలోంచి మారడానికి ముదీర్ కాగితం అక్కర్లేదు. స్టోర్ భాయ్ చెప్పింది నిజం. ఇంటికి పోవాలనుకునేవాడు పోవచ్చు, సిగ్గేం లేదు. ఉండాలనుకునేవాడు దాక్కోకుండా ఎరుపని చెప్పి కొత్త కంపెనీ వెతుక్కోండి. ఇంకొక్కటి. మొదటి సగమే చెప్పి కూర్చుంటే నా మోకాలు బాగు చేయిస్తామన్నారు. అది కూడా మీకు తెలియాలి."

కూర్చున్నాడు. కుర్చీలోకి ఒరిగేటప్పుడు ఎడమ కాలు ముందుకు చాచి, బల్ల అంచు పట్టుకుని, నెమ్మదిగా.

ముదీర్ అరవలేదు. కప్తాన్ వైపు తిరిగి, "నేను నిన్ను నమ్మాను" అన్నాడు. తర్వాత తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాటలో నిజమైన బాధ ఉంది. అది నన్ను ఇప్పటికీ కొంచెం ఇబ్బంది పెడుతుంది.

మరుసటి వారం మేస్త్రి బకాలా దగ్గరికెళ్లి, "మాది ఎర్ర కంపెనీ, తాపీ మేస్త్రీలు కావాల్నా?" అని అడిగిన తీరు చూస్తే కూరగాయలు అమ్ముతున్నాడనుకోవాలి. అతనూ, మరికొందరూ నజ్రాన్‌లో ఇళ్లు కట్టే ఒక కంపెనీకి మారారు. కొందరు విసిగిపోయి ఇంటికే వెళ్లారు. డ్రైవరు దమ్మామ్‌లోనే ఇంకో కంపెనీ బస్సు నడపడానికి చేరాడు. నాకూ ఓ గోదాములో పని దొరికింది. కప్తాన్ చాలా చోట్లకు తిరిగాడు. ఎక్కడికెళ్లినా ఫోర్‌మన్ ముందు ఒక నిచ్చెన చూపించి ఎక్కమనేవాడు. అతను ఎక్కేవాడు. దిగేటప్పుడు చూసి ఫోర్‌మన్ తల అడ్డంగా ఊపేవాడు. ఇఖామా ముగిసింది. దాంతోపాటే ఇన్సూరెన్సూ, ఆపరేషనూ పోయాయి. ఖురూజ్ మీద సంతకం పెట్టాడు.

అతను వెళ్లేముందటి శుక్రవారం ఆడాం. మిగిలిన కొద్దిమందితో. అతని కుడి మోకాలికి కట్టు లేదు.

"ఏం కప్తాన్, మీ కెప్టెన్ మీద అలిగావా?" అన్నాను.

"లేదు భాయ్. ఎడమదానికి ఒక కట్టు చాలట్లేదు. రెండూ దానికే చుట్టాను."

బంతి రేకుకు తగిలింది. వీధి చివరిదాకా మోగింది.

నేను చాలాకాలం ఆలోచించాను. నమ్మకాన్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి బదిలీ చేయకూడదని వాదించినవాణ్ణి నేను. మెస్సులో జరిగింది అదే బదిలీ. శుక్రవారాల బౌలింగ్ మీద పుట్టిన నమ్మకం గురువారం ఒక చట్టం మీద ఖర్చయింది. అది లేకపోతే నా వెబ్‌సైటు, నా ఇంగ్లీషు, నా రుజువు గోడ మీద క్యాలెండరు లాంటివి. హేతువాదులం ఈ విషయం గురించి పెద్దగా మాట్లాడుకోం. వాస్తవం దానంతటదే నడిచి వెళ్తుందన్నట్టు రాస్తాం. దానికీ కాళ్లు కావాలి. ఆ కాళ్లు ఎవరివి, వాటికి ఎవరు మందు ఇప్పిస్తున్నారు అన్నది అడగాల్సిన ప్రశ్న. నమ్మకాన్ని బదిలీ చేసుకుంటున్నవాడు తనకేం ముడుతోందో జనం ముందు చెబుతాడా? బాబా ఎన్నడూ చెప్పడు. కప్తాన్ చెప్పాడు.

నేను కూడా జగిత్యాల చేరుకున్నాక, కొన్నేళ్లకు, అతని దేశంలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం పడిపోయింది. ఆ కెప్టెన్ మాట్లాడవలసిన రోజుల్లో మాట్లాడలేదని ఆయన్ను ప్రేమించినవాళ్లే నిలదీశారు. ఆ నెలల్లో ఒక పగలు ఫోన్ మోగింది.

"స్టోర్ భాయ్, నువ్వు గెలిచావు" అన్నాడు కప్తాన్. గొంతు తేలిగ్గా ఉన్నట్టు నటించింది. "ఆపమన్నారు, ఆపాడు."

గెలిచినట్టు నాకు అనిపించలేదు. మోకాలు ఎలా ఉందని అడిగాను. ఊళ్లో ఎవరో వైద్యుడు ఆపరేషన్ చేశాడట. వంగుతుంది, పరుగుకు పనికిరాదు. అంపైరింగ్ చేస్తున్నాడట. తర్వాత అసలు మాట చెప్పాడు. ఊరివాళ్లు అతన్ని స్థానిక ఎన్నికల్లో నిలబడమంటున్నారు. సౌదీలో క్యాంపు కోసం మాట్లాడి మోకాలు పోగొట్టుకున్నాడన్న సంగతి, తిరిగొచ్చిన తోటి పనివాళ్ల నోట అక్కడివాళ్లకు తెలిసింది.

"నిలబడాలా వద్దా? నీ మాట చెప్పు. కానీ ముందు నా మాట చెప్పాలి."

ఈసారి తడబడలేదు. "ఊరివాళ్లు నువ్వు గెలవడం చూడలేదు. నువ్వు పోగొట్టుకుని రావడం చూశారు. దేనికోసం పోగొట్టుకున్నావో కూడా తెలుసు. మిగతావాళ్ల గురించి విన్నదే, నీ గురించి చూసింది. అందుకని అడుగుతున్నారు."

అవతల ఎక్కడో పిల్లలు ఆడుతున్న అరుపులు వినపడుతున్నాయి.

"హాఁ" అన్నాడు. "ఇదే. ఇప్పుడు జవాబు."

జవాబు నా దగ్గర ఉంది. పాతదే. పార్టీలో బంతి నీ చేతిలో ఉండదు. అతని కెప్టెనే దానికి రుజువు. అదంతా చెప్పాను, ఏదీ తగ్గించలేదు. చెప్పి, "నేను ఓటు వేస్తే మెస్సులో మాట్లాడినవాడికి వేస్తాను, బంతి వేసినవాడికి కాదు" అన్నాను.

కప్తాన్ నవ్వాడు. "భాయ్, రెండుసార్లూ అదే మోకాలి మీద నిలబడ్డాను."

ఇంతలో పిల్లలెవరో అతన్ని బెంగాలీలో గట్టిగా పిలిచారు. అవుటా కాదా అని గొడవ జరుగుతోంది. అక్కడ వికెట్లు కర్రవట, చప్పుడు సరిగ్గా రాదట. చూసొస్తానని ఫోన్ పెట్టేశాడు.